థెరపీ గంట పోగా మిగిలిన 23 గంటలు: ఆటిజం ఉన్న పిల్లల రోజు హాయిగా గడవాలంటే

ముందుగా ఒక రూళ్ల నోటుబుక్కు కొనండి. ఇక్కడ చెప్పబోయే పనులకు మొదట కావలసిన సామాను అంతే.

ఆటిజం అని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఇంట్లో మాటలన్నీ థెరపీ చుట్టూ తిరుగుతాయి. స్పీచ్ థెరపీకి ఎవరు మంచి, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ వారానికి ఎన్ని రోజులు, గంటకు ఎంత తీసుకుంటారు. అవన్నీ అవసరమే, వద్దనడం లేదు. మా వాడికిప్పుడు పదేళ్లు. ఏడేళ్లుగా నేనూ విశాఖలో సీతమ్మధార నుంచి గాజువాక దాకా థెరపీ సెంటర్ల మెట్లన్నీ ఎక్కి దిగినవాణ్నే. కానీ థెరపీ రోజుకు ఒక గంట. తక్కిన 23 గంటలు పిల్లవాడు ఇంట్లో, బడిలో, వీధిలో, పక్క మీద గడుపుతాడు. ఆ గంటలు వాడికి ఎలా గడుస్తున్నాయో చూడటం నాకు చాలా ఆలస్యంగా అలవాటైంది. మీకు అంత ఆలస్యం కాకూడదని ఇదంతా రాస్తున్నాను.

రెండు వారాలు రాయండి, ఏమీ మార్చకండి

పేజీకి నాలుగు గళ్లు గీయండి. మొదటిది నిద్ర: ఎప్పుడు పడుకున్నాడు, రాత్రి ఎన్నిసార్లు లేచాడు. రెండోది కడుపు: ఏం తిన్నాడు, విరేచనం సాఫీగా అయిందా లేదా. మూడో గడిలో, తనంతట తాను దేని దగ్గరకు వెళ్లాడు, ఎప్పుడు నవ్వాడు అన్నది రాయండి. నాలుగో గడిలో ఎప్పుడు ఏడ్చాడు, ఎప్పుడు కొట్టుకున్నాడు, దానికి పది నిమిషాల ముందు ఏం జరిగింది అన్నది. నాలుగో గడి నింపడం అందరికీ వచ్చు. మూడో గడి దగ్గరే కలం ఆగిపోతుంది, ఎందుకంటే పిల్లవాడు సంతోషంగా ఉన్నప్పుడు మనం ఊపిరి పీల్చుకుని వేరే పనిలో పడతాం.

జీవన నాణ్యతను కొలవడానికి పరిశోధకుల దగ్గర పెద్ద ప్రశ్నావళులే ఉన్నాయి. వాటిలో పెడ్స్‌క్యూఎల్ బాగా వాడుకలో ఉన్నది. అందులో 23 ప్రశ్నలు (నా శీర్షికలోని 23తో దీనికి సంబంధం లేదు), ఒళ్లు, మనసు, తోటివారు, బడి అని నాలుగు భాగాలు. తల్లిదండ్రులు నింపే ప్రతి ఒకటి, పిల్లలు నింపే ప్రతి ఒకటి ఉంటాయి. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో ఈ రెండిటి జవాబులు తరచుగా కలవవు. పిల్లలు తమకు తాము వేసుకునే మార్కులకన్నా అమ్మానాన్నలు వేసే మార్కులు సాధారణంగా తక్కువగా ఉంటాయి. మన దిగులు కూడా వాళ్ల ఖాతాలో రాసేస్తామన్నమాట.

మా పుస్తకంలో తేలింది చెబుతాను. ఆదివారం మంచి రోజని మా నమ్మకం. బడి లేదు, థెరపీ లేదు, ఇంటినిండా మనుషులు. రెండు వారాలయ్యాక చూస్తే నాలుగో గడి కిక్కిరిసింది ఆదివారాల్లోనే. మిక్సీ, కుక్కరు, మాంసం వేపుడు వాసన, పెద్దగా పెట్టిన టీవీ, బుగ్గ గిల్లే చుట్టాలు. మూడో గడిలో మాత్రం 14 రోజుల్లో 11 రోజులు ఒకే మాట ఉంది: "ఓడలు".

మేముండేది పెదవాల్తేరులో. చీకటి పడ్డాక డాబా ఎక్కితే, రేవులోకి వెళ్లే వంతు కోసం లంగరు వేసుకుని నిలిచిన ఓడల దీపాలు దూరంగా వరుసలో కనిపిస్తాయి. వాడు పిట్టగోడకు గడ్డం ఆనించి, ఎడమ చేతి వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతూ వాటిని లెక్కపెడతాడు. మధ్యలో ఒక దీపం కనుమరుగైతే మళ్లీ మొదటి నుంచి. అప్పటిదాకా దాన్ని మేము పొద్దుపుచ్చడం కింద జమకట్టి, చేయి పట్టుకుని కిందకు తీసుకొచ్చి బొమ్మల కార్డులు ముందు పెట్టేవాళ్లం. పుస్తకం చూశాక డాబా మీద అరగంట వాడిదని రాసిచ్చేశాం. ఆదివారం చుట్టాలను శనివారం సాయంత్రానికి జరిపాం. దానివల్ల వచ్చిన అలకలు ఈ వ్యాసంలో పట్టవు.

అల్లరి అనుకునే ముందు ఒళ్లు చూడండి

ఎనిమిదో ఏట ఒక నెలంతా మా వాడు కుడి దవడ మీద గుద్దుకున్నాడు. ఒక సెంటరులో "మీ దృష్టి కోసం చేస్తున్నాడు, పట్టించుకోకండి" అన్నారు. పట్టించుకోలేదు. చివరకు మా ఆవిడ వాడు ఆవులించినప్పుడు నోట్లోకి టార్చి వేసి చూస్తే, వెనక దంతంలో నల్లగా గొయ్యి కనిపించింది. పన్ను బాగుచేయించిన మూడో రోజుకు గుద్దుకోవడం ఆగింది. ఆ నెల గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

కాబట్టి ప్రవర్తన ఉన్నట్టుండి మారితే ముందు పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి. పళ్లు, చెవులు, గొంతు, మలబద్ధకం, రక్తంలో ఇనుము, ఈ వరుసలో అడిగి చూపించుకోండి. మలబద్ధకం ఈ పిల్లల్లో చాలా ఎక్కువ. పెరుగన్నం, బిస్కట్లు తప్ప మరేదీ ముట్టని పిల్లవాడికి అది రాకపోతేనే ఆశ్చర్యం. నొప్పిని మాటల్లో చెప్పలేనివాడు చేతులతో చెబుతాడు.

తిండి విషయంలో బలవంతం మానండి. తినే అన్నం పక్కన కొత్తది ఒక్క ముక్క, వేరే గిన్నెలో పెట్టండి. తాకినా చాలు, వాసన చూసినా చాలు, పారేసినా సరే. మా ఇంట్లో దొండకాయ వేపుడు ముక్క ఆ గిన్నెలోంచి నోటి దాకా వెళ్లడానికి నాలుగు నెలలు పట్టింది. బరువు తగ్గుతుంటే మాత్రం ఎదురు చూడకండి, డాక్టరుతో మాట్లాడండి.

ఆటిజం ఉన్న పిల్లల్లో సగం మందికి పైగా నిద్ర సమస్య ఉంటుంది. దాంతోపాటు తల్లికీ నిద్ర ఉండదు. రోజూ ఒకే వేళ, ఒకే వరుస: స్నానం, పాలు, దీపం ఆర్పడం. పడుకునే ముందు గంటసేపు ఫోను కనబడకూడదు, మీ చేతిలో కూడా. నిద్ర కోసం వాడే మెలటోనిన్ గురించి ఎవరో చెప్పారని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోకండి. అది పనికొచ్చే పిల్లలున్నారు గానీ మోతాదు డాక్టరే చెప్పాలి.

మన ఊరి ఉక్కపోతను కూడా లెక్కలోకి తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో చెమటతో ఒంటికి అంటుకునే చొక్కా మనకు చికాకు. చర్మం అతి సున్నితంగా ఉన్న పిల్లవాడికి ముళ్లకంప. పాతబడిన నూలు బట్టలే వేయండి, మెడ వెనక లేబుల్ కత్తిరించండి, బడి యూనిఫారాన్ని కొనగానే నాలుగైదుసార్లు ఉతికి మెత్తబరచండి.

చప్పుళ్ల క్యాలెండర్ తయారుచేయండి

విశాఖలో పెరిగే పిల్లవాడికి కొన్ని చప్పుళ్లు ప్రత్యేకం. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. దాని కోసం సాగరతీరంలో విన్యాసాలు జరిగితే, అంతకుముందు కొన్ని రోజులు రిహార్సళ్లు కూడా ఉంటాయి. యుద్ధవిమానాలు ఇళ్ల మీదుగా దూసుకెళతాయి, పేలుళ్లు వినిపిస్తాయి. ఊరంతా బీచి రోడ్డుకు పరుగెడుతుంది, మేము ఆ సాయంత్రం అటు మధురవాడ దాటి వెళ్లిపోతాం. దీపావళి, వినాయక నిమజ్జనం, ఎదురు కల్యాణమండపంలో పెళ్లి ముహూర్తాలు, ఇవన్నీ గోడ క్యాలెండర్లో ఎర్ర చుక్కతో గుర్తు పెట్టుకోండి. వారం ముందు నుంచి వాడికి చూపించండి. "ఇక్కడ శబ్దం వస్తుంది. చెవులు మూసుకుందాం. అయిపోతుంది" అని మూడే ముక్కల్లో చెప్పండి. చెవులకు తొడిగే ఇయర్ మఫ్‌లు ఒక జత ఇంట్లో, ఒక జత సంచిలో ఉంచండి.

కుక్కరు కూతకు మేము చేసింది ఇంకా తేలిక. కూత పెట్టబోయే ముందు "కుక్కరు!" అని కేక వేస్తాం. వాడు వెనక గదిలోకి నడుస్తాడు. చప్పుడుకన్నా అది హఠాత్తుగా రావడమే వాడిని భయపెట్టేదని అప్పుడు తెలిసింది.

తుఫాన్లు మనకు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. అప్పటికి మా వాడు పుట్టలేదు గానీ, ఆ రోజులు తలచుకునే ఇప్పుడు అక్టోబరు రాగానే ఒక పెట్టె సిద్ధం చేస్తాం: ఛార్జింగ్ ఫ్యాను, టార్చి, వాడు తినే బిస్కట్లు, వాడి మందులు, వాడి దుప్పటి. ఏడాదిలో రెండుసార్లు కావాలనే గంటసేపు మెయిన్ స్విచ్చి ఆపి అలవాటు చేస్తాం. పక్కింటివాళ్లు మాకు పిచ్చి అనుకుంటారు.

కొందరు పిల్లలకు ఇదంతా తలకిందులు. చప్పుడు కావాలి, గట్టిగా అదమాలి, గిరగిరా తిరగాలి. మీ పిల్లవాడు ఏ రకమో మూడో గడి చెబుతుంది. చేతులు ఆడించడం, ఊగడం ఎవరికీ దెబ్బ తగలనంతవరకు మాన్పించకండి. వాడు తనను తాను కుదుటపరచుకునే పద్ధతి అది.

"చాలు" చెప్పడం నేర్పండి

అందరూ మొదట "కావాలి" నేర్పుతారు. మేము ఆలస్యంగానైనా "చాలు" నేర్పాం. పెళ్లి శుభలేఖ అట్ట కత్తిరించి ఎర్ర రంగు పూసి, దారం కట్టి మెడలో వేశాం. అది ఎత్తి చూపిస్తే ఏ పనైనా ఆగుతుంది, అదీ ఒప్పందం. మొదటి వారం నరకం. అన్నం పెట్టబోతే చాలు, స్నానానికి చాలు, చొక్కా గుండీకి చాలు. ప్రతిసారీ ఆగాం, రెండు నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టాం. తన మాట చెల్లుతోందని నమ్మకం కుదిరాక దాని వాడకం తగ్గింది, దాంతోపాటు కొరకడం కూడా. మందుల్లాంటివి ఆపడానికి వీలులేనివి ఉంటాయి కదా. వాటి ముందు కార్డు మెడలోంచి తీసి "ఇది మాత్రం తప్పదు" అని చెబుతాం. మోసం మాత్రం చేయం.

బొమ్మల కార్డులు, ట్యాబ్‌లో నొక్కితే పలికే యాప్‌లు వాడితే నోటి మాట రాదేమోనన్న భయం మీకుంటే వదిలేయండి. అవి మాటను అడ్డుకుంటాయని పరిశోధనల్లో తేలలేదు; కొందరికి సాయపడ్డాయి కూడా. అలాగే "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలైతే తికమకపడతాడు" అనే సలహా ఎక్కడో ఒకచోట తప్పక వింటారు. రెండు భాషల మధ్య పెరిగినందువల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడిందని అధ్యయనాలు చూపలేదు. మేము ఆ సలహా విని ఆరు నెలలు వచ్చీరాని ఇంగ్లీషులో కాలక్షేపం చేశాం. ఆ ఆరు నెలలూ వాళ్ల అమ్మమ్మ మనవడి పక్కన మూగదానిలా కూర్చుంది. మీ ఇంట్లో నోటికి వచ్చే భాషే మాట్లాడండి.

సముద్రానికి తీసుకెళ్లడం

విశాఖలో ఉండి పిల్లవాడికి సముద్రం చూపించకుండా ఎలా? కానీ ఆదివారం సాయంత్రం ఆర్కే బీచికి మొదటిసారి తీసుకెళ్లే పొరపాటు మాత్రం చేయకండి. గుర్రాలు, ఈలలు, మొక్కజొన్న పొగ, జనం. అక్కడ ఏడవని పిల్లవాడే వింత. మామూలు రోజు తెల్లవారుజామున వెళ్లండి, నడకకు వచ్చినవాళ్లు తప్ప ఎవరూ ఉండరు.

ముందురోజు రాత్రి నాలుగు ఫొటోలు చూపించండి: ఆటో, ఇసుక, అలలు, ఇల్లు. ఆఖరి ఫొటో ఇల్లే కావాలి, తిరిగి వస్తామని వాడికి తెలియాలి. మొదటి రోజు ఇసుకలోకి దిగనక్కరలేదు. గోడ మీద పది నిమిషాలు కూర్చుని, వాడింకా బాగానే ఉండగానే లేచి రండి. ఏడుపు మొదలయ్యాక బయలుదేరితే వాడి మనసులో సముద్రమంటే ఏడుపని ముద్ర పడుతుంది. రెండోసారి అదే చోటు, అదే గోడ. చెప్పులు విప్పాలా వద్దా అన్నది వాడికే వదిలేయండి. మా వాడు ఆరోసారి బూట్లతోనే ఇసుకలో నడిచాడు, పదో సారి ఒక్క బూటు విప్పాడు. రెండోది ఇప్పటికీ విప్పడు.

నీళ్ల విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. మన తీరంలో అల వెనక్కి లాగే బలం ఎక్కువ, ఈత వచ్చిన పెద్దవాళ్లే పోయిన సంఘటనలు ఏటా వింటున్నాం. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి చెప్పకుండా బయటకు వెళ్లిపోయే అలవాటు ఉంటుంది, నీళ్లంటే వల్లమాలిన ఇష్టమూ ఉంటుంది. ఈ రెండూ కలిసినచోట మునిగిపోవడం పెద్ద ప్రమాదం. చేయి వదలకండి. తీరంలో ఉన్నంతసేపూ వాణ్ని చూసుకునే వంతు ఇద్దరిలో ఒక్కరిదేనని పేరుపెట్టి అనుకోండి. ఇద్దరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడరు. బయలుదేరే ముందు ఆ రోజు బట్టలతో ఒక ఫొటో తీయండి. మీ ఫోను నంబరు చేతికి పట్టీగానో చొక్కా లోపల రాసో ఉంచండి. ఇంటి వీధి తలుపుకు పైన అందనంత ఎత్తులో ఒక గడియ వేయించండి. కనబడకపోతే ముందు దగ్గరలో నీళ్లున్న చోటికి పరుగెత్తండి, మరొకరు 112కు ఫోను చేయాలి. వీలైతే ఈత నేర్పించండి, ఒక్కొక్కరికి విడిగా నేర్పే గురువు దగ్గర.

మిగతా చోట్లకూ ఇదే పద్ధతి. కైలాసగిరి పొద్దున్నే బాగుంటుంది. కురుసుర జలాంతర్గామి లోపల దారి ఇరుకు. కొందరికి అది గూడులా హాయి, కొందరికి ఊపిరాడదు, కాబట్టి లోపలి ఫొటోలు ముందుగా చూపించి అడగండి. సింహాచలం వెళ్లాలనుకుంటే చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమి గిరిప్రదక్షిణ రోజులు వదిలేయండి. అప్పన్న తరువాతా అక్కడే ఉంటాడు.

బడికి ఒక్క కాగితం ఇవ్వండి

రిపోర్టుల ఫైలు టీచరు చదవరు. ఒక్క పేజీలో తెలుగులో రాసివ్వండి: పేరు పిలిచాక మనసులో ఐదు లెక్కపెట్టి ఆగండి, కళ్లలోకి చూడమని బలవంతం చేయకండి, ప్రార్థనలో మైకు పక్కన నిలబెట్టకండి, ఎర్ర కార్డు ఎత్తితే రెండు నిమిషాలు బయటకు పంపండి. బడి నుంచి వచ్చాక మార్కుల గురించి అడిగే ముందు అన్నం ఎవరి పక్కన తిన్నాడో కనుక్కోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, డబ్బు తీసుకోరు.

కాగితాల పని ఒక నెలలో ముగించండి

వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు యూడీఐడీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, చెప్పిన ప్రభుత్వాసుపత్రి వైద్య బోర్డుకు వెళ్లాలి. అక్కడ ఐఎస్ఏఏ అనే భారతీయ కొలమానంతో పరీక్షిస్తారు, స్కోరు 70 లేదా అంతకు మించితే ఆటిజం కింద లెక్క. ఆ గదిలో మీ పిల్లవాడు మంచి రోజున మంచిగా ఉండవచ్చు. నోటుబుక్కు పట్టుకెళ్లండి, అడిగినదానికి తేదీలతో చూపించవచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చుకూ కొంత ఇస్తుంది. పింఛను అర్హత గురించి మీ వార్డు సచివాలయంలో అడగండి. పిల్లవాడికి 18 నిండేసరికి చట్టబద్ధ సంరక్షకుడి సంగతి కలెక్టరు అధ్యక్షుడిగా ఉండే స్థానిక స్థాయి కమిటీ దగ్గర చూసుకోవాలి.

ఈలోపు ఎవరో ఒకరు స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్సతో ఆటిజం పోతుందని లక్షలు అడుగుతారు. దానికి తగిన ఆధారాలు లేవని, సిఫార్సు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఒంట్లోంచి లోహాలు తీసేస్తామనే కీలేషన్ ప్రమాదకరం కూడా. ఆ డబ్బుతో ఇంట్లో ఒక గదికి ఏసీ పెట్టించండి, ఉక్కపోతలో మీ పిల్లవాడికి నిద్రైనా పడుతుంది.

ఇంట్లో మిగతావాళ్లు

"మీ తాతకూ నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదు" అనే పెద్దావిడతో వాదించకండి, ఆవిడకొక పని అప్పగించండి. మా అత్తగారికి నిద్ర గడి నింపే బాధ్యత ఇచ్చాం. ఇప్పుడు ఇంట్లో అందరికన్నా వాడి సంగతి ఆవిడకే బాగా తెలుసు. అక్కకో తమ్ముడికో వారంలో ఒక పూట పూర్తిగా వాళ్లదే ఉండాలి, "వాడిని కూడా తీసుకురా" అనని పూట. తల్లికి రాత్రి నిద్ర దొరికేలా వంతులు వేసుకోండి. మగవాళ్లు పగలు పనికి వెళ్లాలన్న సాకు నేనూ చెప్పినదే, చెల్లదు.

ఆరు నెలలకోసారి నోటుబుక్కు మళ్లీ తెరిచి రెండు వారాలు రాయండి. పిల్లలు మారుతారు, పోయిన వర్షాకాలం ఇష్టపడింది ఈసారి గిట్టకపోవచ్చు. మాటలున్నా లేకపోయినా, మూడో గడి నింపమని కలం వాడి చేతికే ఇచ్చి చూడండి. మొన్న కార్తీకంలో మా వాడు ఆ గడిలో తనే రాశాడు, గళ్లు దాటిపోయే పెద్ద అంకెలతో: 11. ఆ రాత్రి నేను లెక్కపెడితే 12 ఓడలొచ్చాయి. మళ్లీ చూస్తే అందులో ఒకటి చేపల పడవ.